డెన్వర్‌కి కొత్త, ట్రౌట్ గాలం గురించి చెప్పండి

మియాపూర్ నుంచి:

అందరికీ నమస్కారం. జులై రెండో వారంలో ఉద్యోగం మీద డెన్వర్ వస్తున్నాను. ఇది రాంనగర్ చేపల మార్కెట్లో, మృగశిర రద్దీలో కొర్రమీను కోసం నిలబడి రాస్తున్నాను. చిన్నప్పుడు మా మేనమామ హిమాయత్‌సాగర్ గట్టున వానపాము గుచ్చి గాలం వేయడం నేర్పాడు. తర్వాత పిండి ముద్దతో బొచ్చె, రవ్వ కూడా పట్టాను. మొన్న వీడియో కాల్‌లో మా కాబోయే మేనేజర్ వెనక గోడకి సన్నటి రాడ్ ఒకటి కనిపిస్తే ఏమిటని అడిగాను. ఫ్లై ఫిషింగ్ రాడ్, ట్రౌట్ అనే చల్లనీటి చేప కోసం అన్నాడు. అప్పట్నుంచి మనసంతా దాని మీదే ఉంది.

రెండే ప్రశ్నలు. రాడ్ ఏది కొనాలి, ఎంతలో? ఎర లేకుండా, ఈకలు చుట్టిన కొక్కేనికి చేప ఎలా పడుతుంది? మా ఆవిడ శాకాహారి. ఆమెది మూడో ప్రశ్న: మళ్లీ నీళ్లలో వదిలేసే దానికి అసలు పట్టడం ఎందుకు?

ఆరోరా అన్న:

వెల్‌కమ్ తమ్ముడూ. రాడ్ సంగతి తర్వాత, ముందు లైసెన్స్. 16 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకీ ఉండాలి, చేపని వదిలేసినా సరే. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో వరసగా ఆరు నెలలు ఉంటేనే రెసిడెంట్ రేటు. నువ్వు జులైలో దిగుతున్నావు కాబట్టి జనవరి దాకా బయటివాడివే, ఎక్కువ కట్టాల్సిందే. ఏడాది లైసెన్స్ మార్చి 1న మొదలై వచ్చే ఏడాది మార్చి 31న అయిపోతుంది. జులైలో కొన్నా అదే గడువు. దానికి తోడు హాబిటాట్ స్టాంప్ అని, జంతువుల ఆవాసాల కోసం కట్టే రుసుము, ఇంకోటి తీసుకోవాలి.

నేను వచ్చిన కొత్తలో కౌంటర్ కుర్రాడు అడగలేదు, నేను చెప్పలేదు, రెసిడెంట్ అని కొట్టేశాడు. అప్పటికి నాకు ఐదో నెల. నది ఒడ్డున ఆఫీసరు నా డ్రైవింగ్ లైసెన్స్ మీద తేదీ చూశాడు. ఫైన్ కట్టాను. ఫైన్ కన్నా, ఆయన నన్ను దొంగని చూసినట్టు చూశాడే, అది ఇప్పటికీ మంట.

నేషనల్ పార్కుల్లో మాత్రం రాష్ట్రం లైసెన్స్ చెల్లదు, గుర్తుపెట్టుకో.

మోంటానా మోజు:

అన్నా, అది యెల్లోస్టోన్ సంగతి. అక్కడ పార్కు పర్మిట్ వేరే కొనాలి, రాష్ట్రం లైసెన్స్ అక్కర్లేదు. డెన్వర్ పక్కనున్న రాకీ మౌంటెన్ పార్కులో కొలరాడో లైసెన్సే కావాలి, పార్కు వాళ్లు వేరే పర్మిట్ ఏమీ ఇవ్వరు. కొత్తవాణ్ని పరేషాన్ చేయకు.

లిటిల్‌టన్ పెద్దాయన:

లైసెన్సులు సరే. అద్దె ఇంటి గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మేం మొదట దిగింది రెండు గదుల అపార్ట్‌మెంట్, లేత గోధుమరంగు కార్పెట్. ఆ చలికాలం బయటికి పోలేక ఫ్లైలు, అంటే నువ్వన్న ఆ ఈకల కొక్కేలు, కట్టడం నేర్చుకున్నాను. డైనింగ్ టేబుల్ అంచుకి కొక్కేన్ని కదలకుండా పట్టే చిన్న వైస్ బిగించి కూర్చునేవాణ్ని. ఫెజంట్ తోక ఈకలు, కోడి మెడ ఈకలు, కుందేలు తోలు ముక్క, ఎల్క్ అనే పెద్ద దుప్పి వెంట్రుకలు. ఎల్క్ హెయిర్ కాడిస్ అనే ఫ్లై ఒక్కటి కట్టాలంటే చిటికెడు వెంట్రుకలు కొక్కేనికి పోతే గుప్పెడు కార్పెట్లోకి పోతాయి. మా ఆవిడ వాక్యూమ్ పెట్టీ పెట్టీ చివరికి వదిలేసింది.

ఇల్లు ఖాళీ చేసిన మూడు వారాలకి లెక్క పంపారు. డిపాజిట్లో 640 డాలర్లు కోత. కారణం, అనుమతి లేకుండా పెంపుడు జంతువులని ఉంచారట. ఒకటి కాదు, జంతువులు! ఫోన్ చేస్తే మేనేజరమ్మ చాలా మర్యాదగా, కార్పెట్లో మూడు రకాల వెంట్రుకలూ ఈకలూ దొరికాయి, మీరు కుందేలునీ కోడినీ పెంచారు అంది. ఇంట్లో పొద్దున్నే వంకాయ కూర వండుకునే మనుషులం, కోడినెక్కడ పెంచుతాం తల్లీ అన్నాను. ఆమెకి వంకాయకీ దీనికీ సంబంధం అర్థం కాలేదు. సరే, సాక్ష్యం చూపిద్దామని ఫ్లైల డబ్బా తీసుకెళ్లి ఆఫీసు కౌంటర్ మీద తెరిచాను. ఆమె ముచ్చటపడి ఒకటి వేలితో ఎత్తింది, కొక్కెం గుచ్చుకుంది. కేసు ఇంకా చెడింది.

అప్పుడు చట్టం చదివాను. కొలరాడోలో ఖాళీ చేసిన నెలలోపు డిపాజిట్ లెక్క చెప్పాలి. లీజులో రాసుకుంటే 60 రోజుల దాకా పోవచ్చు. కావాలని తొక్కిపెడితే, ఏడు రోజుల ముందు నోటీసిచ్చి మూడింతలకి కోర్టుకెళ్లొచ్చు. రిజిస్టర్డ్ ఉత్తరం రాశాను, కొన్న ఈకల ప్యాకెట్ల రసీదులు జతచేసి. తొంభై మినహా అంతా వెనక్కొచ్చింది. కాబట్టి ఫ్లైలు కట్టేటప్పుడు కింద పాత దుప్పటి పరుచుకో నాయనా. ఇల్లు చేరగానే ఫోటోలు తీసుకో.

మోంటానా మోజు:

ఈ కథ నాలుగోసారి వింటున్నా. పోయినసారి 480 డాలర్లు.

లిటిల్‌టన్ పెద్దాయన:

480 రెండో అపార్ట్‌మెంట్‌ది. అది వేరే కథ, తడి బూట్లది.

బోల్డర్ అక్క:

పాపం ఆ అబ్బాయి అడిగింది రాడ్ గురించి. తమ్ముడూ, నేను చెప్తా విను.

తొమ్మిది అడుగులు, 5 వెయిట్ రాడ్. వెయిట్ అంటే ఆ రాడ్ మోసే లైను బరువు నంబరు. రీలూ లైనూ కలిపి కొత్తవాళ్ల సెట్టు 150 నుంచి 250 డాలర్లలో వస్తుంది, మొదటి రెండేళ్లకి అది చాలు. నడుం దాకా తొడిగే వేడర్లు ఇప్పుడే కొనకు, జులై ఆగస్టుల్లో నిక్కరుతో దిగొచ్చు. బూట్లు మాత్రం మంచివి కొను. అక్కడి గులకరాళ్లు నూనె పూసినట్టుంటాయి.

ఇప్పుడు అసలు తేడా. హిమాయత్‌సాగర్లో నువ్వు విసిరింది సీసం బరువుని, దాని వెంట దారం పోయేది. ఇక్కడ ఫ్లైకి బరువే ఉండదు. బరువంతా లావుపాటి లైనుది. దాన్ని వెనక్కి విసిరి, పూర్తిగా చాచుకునేదాకా ఆగి, ముందుకి విసరాలి. ఆ ఆగడమే కష్టం. మనవాళ్లంతా బలం పెడతారు, కొరడా ఝళిపించిన శబ్దం వస్తుంది, చూస్తే ఫ్లై ఉండదు.

చేప ఎలా పడుతుందంటావా? ట్రౌట్ తిండి చాలా భాగం నీటి పురుగులే. మేఫ్లై, కాడిస్, స్టోన్‌ఫ్లై. అవి నెలల తరబడి రాళ్ల కింద పిల్లపురుగులుగా బతికి, ఒకరోజు నీళ్లలోంచి బయటికొచ్చి రెక్కలు విప్పుకుని ఎగిరిపోతాయి. నువ్వు కట్టే ఈకల ముక్క ఆ పురుగులా కనిపించాలి. అంతకన్నా ముఖ్యం, ఆ పురుగులాగే నీటి వేగంతో కొట్టుకుపోవాలి. లైను లాగి ఫ్లై కొంచెం అడ్డంగా గీత గీసిందంటే ట్రౌట్ మొహం తిప్పుకుంటుంది. చేతిలో ఫ్లై ఏ రకమని తలబద్దలు కొట్టుకునే కన్నా అది కొట్టుకుపోయే తీరు చూసుకో. పారాషూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్, ఫెజంట్ టెయిల్, హేర్స్ ఇయర్. ఈ నాలుగు ఫ్లైలూ రెండు మూడు సైజుల్లో ఉంటే సీజనంతా గడిచిపోతుంది.

వానాకాలం చెరువు తూము దగ్గర చేపలు ఎదురెక్కడం చూసి ఉంటావు. ట్రౌట్ బతుకంతా అంతే, మొహం ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా. కాని ఊరికే ఈదుతూ కూర్చోదు. పెద్ద రాయి వెనక, వేగం నీళ్లూ నెమ్మది నీళ్లూ కలిసే గీత మీద, కష్టపడకుండా నిలబడి పక్కనుంచి పోయే తిండి అందుకుంటుంది. అందుకే కింది నుంచి పైకి, దాని వెనకవైపు నుంచి వెళ్లాలి. నాకు ఇందులో సుఖం ఇదే. అరగంట గాలం వేయకుండా ఒడ్డున కూర్చుని నీళ్లు చూస్తాను. మొదట అంతా నీళ్లే. కాసేపటికి ఒక నీడ కదులుతుంది, తెల్లటి నోరు ఒక్కసారి తెరుచుకుని మూసుకుంటుంది. ఆ తర్వాత ఆఫీసు మెయిళ్లు గుర్తుండవు.

ముందు క్లియర్ క్రీక్‌కి పో, ఐడహో స్ప్రింగ్స్ వైపు. చిన్న బ్రౌన్ ట్రౌట్, ఎనిమిది అంగుళాలు, ఆకలి మీదుంటాయి, దగ్గర్నుంచి వేసినా పడతాయి. చీజ్‌మన్ కాన్యన్ అని అందరూ ఊరిస్తారు. అద్దంలాంటి నీళ్లు, ఆవగింజంత ఫ్లైలు, రోజూ మనుషుల్ని చూసి ముదిరిపోయిన చేపలు. మొదటి ఏడాది పోతే ఏడుపే.

మీ ఆవిడ ప్రశ్నకి: ఇక్కడి స్వంత చేప కట్‌త్రోట్, దవడ కింద ఎర్రగీత ఉంటుంది. బ్రౌన్ యూరప్ నుంచి తెచ్చింది, రెయిన్‌బో పసిఫిక్ వైపుది. అందులో ఒక రకం, గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్, ఇక లేదని 1937లో అనుకున్నారు, కాని మిగిలే ఉంది. 1994 నుంచి అదే రాష్ట్ర చేప. అసలైన గ్రీన్‌బ్యాక్ మిగిలింది కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర ఒక్క బేర్ క్రీక్‌లోనేనని 2012లో జన్యు పరీక్షల్లో తేలింది. ఇలాంటివి వదలకపోతే ఏం మిగులుతాయి? చెయ్యి తడిపి పట్టుకో, పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి మీది జిగురుపొర పోతుంది. కొక్కెం ముల్లు ప్లయర్‌తో నొక్కేయ్. నీళ్లు 68 ఫారన్‌హీట్ దాటితే ఆ రోజుకి ఇంటికెళ్లిపో, వదిలిన చేప కూడా బతకకపోవచ్చు.

ఆరోరా అన్న:

అక్క అంతా బాగా చెప్పింది కానీ అసలు ప్రమాదం చెప్పలేదు. కొలరాడోలో నది ఒడ్డే కాదు, నది అడుగు కూడా భూస్వామిది కావచ్చు. పడవ మీద తేలుతూ పోతూ అడుగుకి తగిలినా అతిక్రమణేనని 1979లోనే తీర్పు వచ్చింది. బోర్డులు చూసుకుని దిగు.

మోంటానా మోజు:

అందుకే నేను ఏటా సెప్టెంబర్లో పైన మోంటానాకి పోతా. మోంటానాలో 1985 చట్టం ప్రకారం వంతెన దగ్గరో, ప్రభుత్వ స్థలంలోనో నీళ్లలోకి దిగితే చాలు, వరద గీత లోపల ఎంత దూరమైనా నడవచ్చు. ఒడ్డు ఎవరిదైనా సరే. నది అంటే అది. మీది గేటెడ్ కమ్యూనిటీ.

ఆరోరా అన్న:

పన్నెండు గంటలు కారు తోలి పోయే పెద్దమనిషి చెప్తున్నాడు. మాకూ ఆర్కాన్సా నది ఉంది, లెడ్‌విల్ నుంచి పార్క్‌డేల్ దాకా 102 మైళ్లు గోల్డ్ మెడల్, అంటే మేలైన ట్రౌట్ నీళ్లని రాష్ట్రం ఇచ్చిన గుర్తింపు.

మోంటానా మోజు:

నది అడుగు ప్రజలదని ఒక జాలరి వేసిన కేసు ఆ నది మీదే కదా? అతనికి అసలు అడిగే హక్కే లేదని 2023లో మీ సుప్రీంకోర్టు కొట్టేసింది.

బోల్డర్ అక్క:

ఈ లొల్లి పోయిన సంక్రాంతి పాట్‌లక్‌లో కూడా ఇక్కడే ఆగింది. తమ్ముడూ, జులైలో మధ్యాహ్నం రెండయ్యేసరికి మబ్బు పడుతుంది. ఉరుము వినగానే రాడ్ పక్కన పడేసి నీళ్లలోంచి బయటికి రా. గ్రాఫైట్ రాడ్‌లోంచి కరెంట్ పోతుంది.

కూకట్‌పల్లి రిటర్న్:

పద్నాలుగేళ్లు అక్కడుండి వచ్చేశాను. ఇప్పుడు ఏడాదికోసారి హిమాచల్లో తీర్థన్ నదికి పోతాను, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూసేస్తారు కాబట్టి మార్చిలో. మియాపూర్ తమ్ముడూ, నీకు నెల టైముంది, దాన్ని లైసెన్స్ టెన్షన్‌తో పాడుచేసుకోకు. నా దగ్గర రెండు 5 వెయిట్ రాడ్లున్నాయి. ఆదివారం పొద్దున ఆరింటికి మా కాలనీ గ్రౌండ్‌కి రా, కొక్కెం బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి విసురుదాం. ఏడు దాటితే క్రికెట్ పిల్లలొచ్చి కొరడా అంకుల్ అని గోల చేస్తారు. నీళ్లు లేకపోయినా ఆగడం నేర్చుకోవచ్చు.

మియాపూర్ నుంచి:

అందరికీ థాంక్స్. నిన్న వెళ్లొచ్చాం. మా ఆవిడ కూడా చూద్దామని వచ్చింది. గంటసేపు నా లైను నా చెవులకే చుట్టుకుంది. ఊరికే కూర్చోవడం ఎందుకని అన్నగారు ఆమెకి రెండో రాడ్ ఇచ్చారు. ఐదో విసురుకే తిన్నగా పోయి ఆయన పెట్టిన చెప్పు మీద పడింది. ఎలా ఆగావంటే, సన్నాయి వాయించేవాళ్లు ఊపిరి తీసుకునేంత సేపు అంది. వాళ్ల నాన్న సన్నాయి విద్వాంసుడు లెండి. ఇంటికొచ్చాక, వదిలేసేదైతే నేనూ వస్తానంది. ఇప్పుడు నా ప్రశ్న మారింది. రెండు రాడ్లు ఇక్కణ్నుంచి తెచ్చుకుంటే చెక్ ఇన్ లగేజీలో పెట్టొచ్చా?

ఆరోరా అన్న:

లగేజీ సంగతి తర్వాత తమ్ముడూ. మీ ఇద్దరికీ లైసెన్సులు వేరువేరుగా తీసుకోవాలి.