అమ్మ కడుపు నొప్పికి ముందు మాత్రలా, ఎండోస్కోపీయా?

రాయగడ అబ్బాయి: మా అమ్మకు 58 ఏళ్ళు. రెండు నెలలుగా బొడ్డు పైన నొప్పి, పులితేన్పులు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం. ఇక్కడి డాక్టరు గారు ఆమ్లం తగ్గించే మాత్రలు రాశారు. బావగారేమో విశాఖ తీసుకువెళ్ళి, నోట్లోంచి గొట్టం దింపి కడుపు లోపల చూసే ఎండోస్కోపీ చేయించమంటున్నారు. ఏది ముందు?

పర్లాకిమిడి మాస్టారు: మాత్రలు నాలుగు వారాలు వాడి చూడండి. కడుపు నొప్పి అనగానే విశాఖ రైలెక్కడం మనకు అలవాటైపోయింది.

గుణుపురం కోడలు: నాలుగు వారాలా! మా మామగారికీ గ్యాసే అన్నారు. మలం నల్లగా వస్తోందని ఆయన చెబుతూనే ఉన్నారు. పుండు నుంచి రక్తం కారుతోందని తేలేసరికి మంచం దిగలేని స్థితి.

పర్లాకిమిడి మాస్టారు: ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగానే వస్తుంది.

గుణుపురం కోడలు: ఆయన ఐరన్ వాడలేదు. తారులా జిగటగా, భరించలేని వాసనతో వచ్చేది.

పర్లాకిమిడి మాస్టారు: నేనన్నది ఐరన్ సంగతి మాత్రమే.

కొండగాలి: వాము నీళ్ళు తాగించండి.

జయపురం వాసి: కడుపులో పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉందేమో చూడాలి. శ్వాస పరీక్షతో, మల పరీక్షతో తెలుస్తుంది. ఆమ్లం మాత్రలు వాడుతూ చేయిస్తే క్రిమి ఉన్నా లేదని రావచ్చు. సాధారణంగా రెండు వారాలు ఆపాక చేస్తారు, డాక్టరును అడిగి ఆపండి.

పర్లాకిమిడి మాస్టారు: మళ్ళీ పరీక్షే!

గుణుపురం కోడలు: పరీక్షలంటే ఇంత కోపమెందుకు మాస్టారూ? మీ మాట విని ఆమె ఆలస్యం చేస్తే ఎవరిది బాధ్యత?

పర్లాకిమిడి మాస్టారు: చెబుతాను. మూడేళ్ళలో రెండు స్కానింగులు, రెండు ఎండోస్కోపీలు చేయించుకున్నాను. ప్రతిసారీ ‘ఏమీ లేదు’ అన్నారు. ఆ కాగితం చూశాక ఇంట్లో నా నొప్పిని ఎవరూ నమ్మలేదు. పుండు లేకపోయినా, కడుపులోని నరాలు అతిగా స్పందిస్తే నొప్పి నిజంగానే వస్తుందని నాలుగో డాక్టరు చెప్పేదాకా, పనికి బద్ధకించి నటిస్తున్నానని అనుకున్నారు.

గుణుపురం కోడలు: మా మామగారి మాటా ఎవరూ వినలేదు. నా బాధ కూడా అదే. కానీ మీకు పుండు లేదని తెలిసింది పరీక్ష వల్లనే కదా. ఈ వయసులో కొత్తగా మొదలైన నొప్పిని చూడకుండా ఎలా వదిలేస్తాం?

వంశధార: అమ్మగారు వేరే మందులేమైనా వాడుతున్నారా? బరువు తగ్గారా?

రాయగడ అబ్బాయి: ఇప్పుడే అడిగాను. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో కొని రోజుకు రెండు డైక్లోఫెనాక్ వేసుకుంటోందట. డాక్టరుకు చెప్పలేదు. రవికలన్నీ వదులయ్యాయి. మలం గురించి అడిగితే సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయింది.

పర్లాకిమిడి మాస్టారు: బాబూ, నాలుగు వారాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు పడవచ్చు, ఈ పూట నుంచే ఆపించండి. ఆ అట్ట డాక్టరుకు చూపించండి. ఎండోస్కోపీ చేయించండి.

గుణుపురం కోడలు: మీ అక్క చేత అడిగించు తమ్ముడూ, ఆమెకైతే చెబుతారు. నల్లగా వస్తోందంటే విశాఖ రైలు కోసం ఆగవద్దు, ముందు దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకువెళ్ళు.