లేసు టేబుల్ క్లాత్ పంపితే మిషన్ లేసు తిరిగి వచ్చింది: కొన్నవారే మోసం చేస్తే ఏం చేయాలి?

అడిగినవారు: వశిష్ఠ_లేసు

అందరికీ నమస్కారమండి. మాది నరసాపురానికి ఆనుకొని, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న పల్లె. మా పిన్నిగారు, మరో ఆరుగురు ఇరుగుపొరుగు ఆడవారు చేతి సూదితో అల్లే క్రోషే లేసును రెండేళ్లుగా నేను ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. అంతకుముందు ఏజెంటు దారం తూచి ఇచ్చి, అల్లిన ముక్కలు పట్టుకువెళ్లి, కూలి లెక్క కట్టి ఇచ్చేవాడు. ఆ సరుకు చివరికి ఎవరి బల్ల మీద పరుస్తారో మాకు తెలిసేది కాదు. నేరుగా అమ్మడం మొదలుపెట్టాక ఆడవారి చేతికి వచ్చే డబ్బు పెరిగిన మాట నిజమే, కానీ ఇదివరకు ఏజెంటు నెత్తిన ఉండే నష్టం కూడా ఇప్పుడు మా నెత్తినే పడింది.

గత నెలలో ఒక షాపింగ్ సైటు ద్వారా రూ. 4,800 టేబుల్ క్లాత్ ఒకటి అమ్ముడుపోయింది. ఇంటి పనుల మధ్య దాన్ని అల్లడానికి పిన్నిగారికి ఐదు వారాలు పట్టింది. అందిన తొమ్మిదో రోజున, నాణ్యత నచ్చలేదన్న కారణం చూపి కొన్నవారు తిప్పి పంపారు. పార్సిల్ విప్పి చూస్తే లోపల ఉన్నది మాది కాదు, బజారులో గజాల లెక్కన దొరికే మిషన్ లేసు గుడ్డ. అప్పటికే సైటువారు కొన్నామె డబ్బు ఆమెకు ఇచ్చేశారు. నేను విప్పిన తరువాత తీసిన రెండు ఫోటోలు పంపితే, ఆధారం చాలదని నా క్లెయిమ్ కొట్టేశారు.

ఇది ఒక్కటే అయితే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు. వాట్సాప్‌లో రూ. 1,250 కుషన్ కవర్లు అడిగిన ఒకాయన, డబ్బు పంపానని స్క్రీన్‌షాట్ పెట్టి, వెనువెంటనే పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టానని, రూ. 11,250 తిరిగి పంపమని అరగంటలో ఆరుసార్లు ఫోన్ చేశాడు. రూ. 12,500 జమ అయినట్టు నా ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది. బ్యాంకు యాప్ తెరిచి చూశాను గనుక బతికిపోయాను, అందులో రూపాయి కూడా పడలేదు. ఇవి చాలవన్నట్టు, సంక్రాంతికి క్యాష్ ఆన్ డెలివరీ మీద పంపిన నలభై పార్సిళ్లలో పదకొండింటిని గుమ్మం దగ్గరే వద్దన్నారు; రానూ పోనూ ఖర్చు మాదే అయింది.

నా ప్రశ్నలు ఇవి. క్యాష్ ఆన్ డెలివరీ పూర్తిగా మానేయాలా? టేబుల్ క్లాత్ విషయంలో పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చా? ఆమె పేరు, ఫోన్ నంబరు అమ్మకందారుల గ్రూపుల్లో పెట్టి మిగిలినవారిని హెచ్చరించడం తప్పవుతుందా?

జవాబు 1: కడియం_మొక్కలు

చెల్లెమ్మా, మాది కడియం నర్సరీ. ప్రాణం ఉన్న సరుకును పెట్టెలో పెట్టి పంపేవాళ్లం కనుక, మోసానికీ నిజమైన నష్టానికీ మధ్య గీత ఎంత సన్నగా ఉంటుందో మాకు రోజూ అనుభవమే. మొక్క చచ్చిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అబద్ధాలు కావు. వేళ్ల చుట్టూ తడిపిన కొబ్బరి పొట్టు కట్టి ఎంత జాగ్రత్తగా పంపినా, నాలుగు రోజులు చీకటి పెట్టెలో ఉండి వచ్చిన మొక్క ఆకులు రాల్చడం సహజం, అది చూసి కొన్నవారు కంగారుపడతారు. వారం రోజులు నీడలో ఉంచి చూడమని చెబితే చాలామంది మళ్లీ ఫోను చేయరు. కొత్తలో నేను అందరినీ దొంగలుగానే చూసి, మంచి ఖాతాదారులను ఇద్దరిని పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అసలు దొంగ వేరేగా ఉంటాడు. వాడు ఫోటో పంపుతాడు గానీ వీడియో పంపడు, ఎక్కడో ఎండిపోయిన ఇంకో మొక్క ఫోటో పంపుతాడు. అందుకని మేము ప్రతి మొక్క కాండానికి నంబరు రాసిన చిన్న ట్యాగు కట్టి, ఆ నంబరు కనబడేలా మొక్కను, పెట్టెను, చిరునామా కాగితాన్ని ఆపకుండా ఒకే వీడియోలో తీస్తున్నాం. ఫిర్యాదు వస్తే ఆ ట్యాగుతో సహా మొక్కను వీడియో తీసి పంపమంటాం. నిజాయతీగలవారు ఐదు నిమిషాల్లో పంపుతారు, మిగిలినవారు కోపం తెచ్చుకుంటారు.

మీరు తిరిగి వచ్చిన పార్సిల్‌ను విప్పిన తరువాత ఫోటో తీయడమే పొరపాటు. సీలు చెదరకముందు మొదలుపెట్టి, చిరునామా, అతికించిన టేపు, బరువు, విప్పడం, లోపలి వస్తువు అన్నీ తెగని వీడియోలో ఉండాలి. ఇక క్యాష్ ఆన్ డెలివరీ సంగతంటారా, నేను మానేసి మూడేళ్లయింది. మీరూ మానేయండి.

జవాబు 2: బందరులంక_మగ్గం

కడియం వారి మాటలో చివరిది తప్ప మిగిలినవన్నీ నాకు సమ్మతమే. మొక్క వందా రెండు వందలు ఉంటుంది, ఎవరైనా ముందు డబ్బు కట్టేస్తారు. మా నేత చీర గానీ ఈమె లేసు గానీ వేలల్లో ఉంటాయి. ముక్కూమొహం తెలియని అమ్మకందారుకు ముందే డబ్బు పంపడానికి కొనేవారు జంకడంలో అన్యాయం లేదు, ఎందుకంటే డబ్బు కట్టించుకుని చీర పంపని ఘనులు మన వైపు కూడా ఉన్నారు. మేము మధ్యేమార్గంగా, రానూ పోనూ అయ్యే రవాణా ఖర్చుకు సరిపడా మొత్తాన్ని ముందు యూపీఐలో కట్టించుకుని, మిగిలినది ఇంటి దగ్గర తీసుకుంటున్నాం. ఊసుపోక ఆర్డరు పెట్టేవారు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. పంపే ముందు ఒకసారి ఫోను చేసి, చిరునామాతో పాటు ఇంటి దగ్గర ఎవరుంటారో కూడా అడిగితే, గుమ్మం దగ్గర తిరిగి వచ్చేవి ఇంకా తగ్గుతాయి.

మాకు పట్టుకున్న పీడ వేరు. మాఘమాసం ముహూర్తాలకు ఒక రోజు ముందు చీర తెప్పించుకుని, పెళ్లిలో కట్టుకుని, మూడో రోజున రంగు నచ్చలేదని పంపేస్తారు. కుచ్చిళ్ల దగ్గర పసుపు మరక, పమిటలో సెంటు వాసన అలాగే ఉంటాయి. ఇప్పుడు పమిట మీద, అందరికీ కనబడే చోట, అరచేతంత అట్ట ట్యాగు కుట్టి పంపుతున్నాం. ఆ ట్యాగుతో పెళ్లికి వెళ్లలేరు, అది తెంపితే తిరిగి తీసుకోబోమని బిల్లు మీద, పెట్టె మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాం. దీని కోసం ఖర్చయింది పావలా దారం.

జవాబు 3: పాత_తపాలా

నేను కోనసీమ పోస్టాఫీసుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడిని. అమ్మాయిగారు బరువు గురించి ఒక్క మాట కూడా రాయకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. స్పీడ్ పోస్టు అయినా ప్రైవేటు కొరియర్ అయినా బుకింగ్ రసీదు మీద పార్సిల్ బరువు గ్రాముల్లో ఉంటుంది. తిరిగి వచ్చిన పార్సిల్ మీదా బరువు ఉంటుంది. చేతి క్రోషే లేసు ఒత్తుగా, బరువుగా ఉంటుంది, మిషన్ లేసు అంత తూగదు. మనిషి మాటను కాదనవచ్చు గానీ, అమ్మినవారూ కొన్నవారూ కాని మూడో మనిషి త్రాసు మీద పడిన అంకెను కాదనడం కష్టం. ఆ రెండు రసీదులూ వెతికి పక్కపక్కన పెట్టి, క్లెయిమ్ మళ్లీ వేయండి.

ఇకమీదట తిరిగి వచ్చే పార్సిల్ తేలికగా ఉన్నట్టు చేతికి తెలిస్తే, సంతకం పెట్టకముందే ఇంట్లో ఉన్న కాటా మీద పెట్టి చూడండి. సీలు చెదిరి గానీ పెట్టె చిరిగి గానీ వస్తే, తపాలా ద్వారా వచ్చినదైతే ఓపెన్ డెలివరీ కావాలని అడగండి; పోస్టుమాస్టరు ఎదుట విప్పి, లోపల ఉన్నదేమిటో కాగితం మీద రాస్తారు. మా రోజుల్లో వి.పి.పి. (పోస్ట్‌మ్యాన్‌కు డబ్బు కట్టి పార్సిల్ తీసుకునే పద్ధతి) ద్వారా తెప్పించుకున్న పుస్తకాలను డబ్బు కట్టకుండా తిప్పి పంపే పెద్దమనుషులు ప్రతి ఊరిలోనూ ఇద్దరో ముగ్గురో ఉండేవారు. వారి పేర్లు పోస్ట్‌మ్యాన్‌కు కంఠతా వచ్చేవి కానీ, పాపం, పంపేవారికి తెలిసే దారి ఉండేది కాదు.

జవాబు 4: గోదారి_వకీలు

పై ముగ్గురూ వ్యాపారం వైపు చెప్పారు కనుక నేను చట్టం వైపు మాత్రమే చెబుతాను. మోసగాడిని ఇప్పటికీ మనం ఫోర్ ట్వంటీ అనే అంటున్నాం గానీ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆ నేరం 318వ సెక్షన్‌లోకి మారింది. మోసగించి వస్తువునో డబ్బునో ఇప్పించుకుంటే అందులోని నాలుగో ఉపసెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. అసలు వస్తువు ఉంచుకుని వేరే గుడ్డ పంపి డబ్బు వెనక్కి తీసుకోవడం దీని కిందికి వస్తుందని వాదించడానికి బలమైన ఆస్కారం ఉంది. కొన్నామె ఏ రాష్ట్రంలో ఉన్నా, మీ పోలీస్ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. పరిధి కాదన్న కారణంతో తీసుకోకుండా పంపడానికి వీల్లేదని, నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఆధారంగా ఇచ్చే వీడియోలకు, చాట్‌లకు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది కనుక, అసలు ఫైళ్లున్న ఫోనును అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి.

సున్నా ఎక్కువ కొట్టానన్న పెద్దమనిషి విషయంలో మీరు నష్టపోకపోయినా, ఆ నంబరును జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వండి. ఎవరైనా నిజంగానే డబ్బు పంపేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడంలో గంటలు కూడా ఆలస్యం చేయకూడదు. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపించడానికి ఉన్న దారి అదే. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టవలసిన అవసరం ఏనాడూ లేదు. డబ్బు పంపుతాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నవాడు మీ డబ్బు లాగుతున్నాడని అర్థం.

అయితే గుమ్మం దగ్గర పార్సిల్ వద్దనడం నేరం కాదు. మొదటి నుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపలేని చోట పోలీసులు చేయగలిగింది లేదు, ఆ పదకొండు పార్సిళ్లనూ వ్యాపార నష్టంగా రాసుకోవలసిందే. వినియోగదారుల కమిషన్‌లో మీరు కొన్నామె మీద కేసు వేయలేరు, ఎందుకంటే అక్కడ వినియోగదారు ఆమె, మీరు కారు. కొరియర్ సంస్థ లోపం వల్ల సరుకు పోయిందని తేలితే మాత్రం, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం ఆ సేవ వాడుకున్నవారిగా మీరు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అడగవచ్చు, రూ. 5 లక్షలు మించని వాటికి ఫీజు కూడా లేదు. బందరులంక వారి ట్యాగు తెలివైనదే కానీ ఒక హెచ్చరిక: వస్తువు లోపంతో ఉన్నా, సైటులో చెప్పిన వర్ణనకు తగినట్టు లేకపోయినా తిరిగి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. ట్యాగు తెంపినంత మాత్రాన ఆ హక్కు పోదు.

ఇక పేరు, నంబరు గ్రూపుల్లో పెట్టడం. దయచేసి ఆ పని చేయకండి. తప్పు ఆమెదో, దారిలో పార్సిల్ చేతులు మారిన చోట జరిగిందో మీకు ఇంకా తెలియదు. న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం కేసు ఆమె వేస్తే, నష్టపోయిన మీరే ముద్దాయిగా నిలబడవలసి వస్తుంది. ఇటువంటివి రెండు చూశాను, రెండింటిలోనూ అమ్మకందారులే రాజీకి డబ్బు ఇచ్చుకున్నారు.

అడిగినవారు: వశిష్ఠ_లేసు (పన్నెండు రోజుల తరువాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలండి. తపాలా మాస్టారు చెప్పినట్టు రసీదులు వెతికితే, వెళ్లినప్పటి బరువు 742 గ్రాములు, తిరిగి వచ్చినప్పటిది 415 గ్రాములు అని తేలింది. అవి జతచేసి మళ్లీ రాస్తే, ఈసారి సైటులో ఫిర్యాదులు చూసే అధికారి నుంచి నేరుగా ఫోన్ వచ్చింది, రూ. 4,800లో రూ. 3,600 నా ఖాతాలో వేశారు. మిగిలిన రూ. 1,200 కోసం స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక లేక ఊరుకున్నాను. వకీలుగారికి ఇది నచ్చకపోవచ్చు. ఆమె పేరు నేను ఎక్కడా పెట్టలేదు, పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంది.

క్యాష్ ఆన్ డెలివరీ విషయంలో బందరులంక వారి దారే పట్టాను. లేసుకు అట్ట ట్యాగు కుడితే అల్లిక లాగేస్తుంది కనుక, పిన్నిగారు ఇంకో ఉపాయం చెప్పారు. అంచు ముడి వేసేటప్పుడు ఒక మూల వేలెడంత రంగు దారం కలిపి అల్లేస్తే, ఆ మూల ఫోటో మా దగ్గర ఉంటుంది, తిరిగి వచ్చిన గుడ్డలో ఆ మూల లేకపోతే అది మాది కానట్టే. ఎవరి రంగు వారిదైతే ఏ ముక్క ఎవరు అల్లారో కూడా తెలుస్తుందని మిగిలిన ఆడవారు సంబరపడ్డారు, ఏజెంటు రోజుల్లో అది ఎవరికీ పట్టేది కాదు. పిన్నిగారు ముందుగానే ఆకుపచ్చ తీసేసుకున్నారు. ఎరుపు కోసం మాత్రం ఇద్దరు పట్టుబట్టి కూర్చున్నారు, ఆ పంచాయతీ ఇంకా తెగలేదు.