విశాఖ సైట్‌లో మొదటి ఫేజ్ 1: పీకే రోజు, డోసు పెంపు, దూరం పేషెంట్ల గురించి సలహా కావాలి

మాధవధార_కోఆర్డినేటర్

అందరికీ నమస్కారం. విశాఖలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో స్టడీ కోఆర్డినేటర్‌ని. ఇన్నాళ్లూ మా దగ్గర ఫేజ్ 3 ట్రయల్సే నడిచాయి. ఇప్పుడు మన దేశంలోనే కనిపెట్టిన ఒక కైనేజ్ ఇన్హిబిటర్‌కి (క్యాన్సర్ కణాల పెరుగుదలకి తోడ్పడే ఎంజైమ్‌ని ఆపే మందు) ఫేజ్ 1 (భద్రత, డోసు తేల్చే మొదటి దశ ట్రయల్) వస్తోంది. రోజుకొక మాత్ర, పరగడుపున. డీఎల్‌టీ (డోసు పెంచకుండా ఆపేంత తీవ్రమైన దుష్ప్రభావం) చూసే గడువు మొదటి 28 రోజులు. 1వ రోజు, 15వ రోజు పీకే శాంపిల్స్ (రక్తంలో మందు ఎంత ఉందో చూసేవి): మందుకు ముందు, ఆ తర్వాత అరగంట, 1, 2, 4, 6, 8, 24 గంటలకు.

శాంపిల్స్ మామూలుగా ఎక్కడ పాడవుతాయి? తట్టుకున్నంత వరకు డోసు పెంచుకుంటూ పోకుండా, మధ్యలో రెండు డోసులు పెట్టి పోల్చమని ప్రోటోకాల్‌లో ఎందుకు రాశారని జూనియర్ డాక్టర్లు అడుగుతున్నారు, వాళ్లకేం చెప్పాలి? ఇంకోటి, మా పేషెంట్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు వాళ్లు. వాళ్ల విషయంలో ముందే ఏం చూసుకోవాలి?

ప్లాస్మా_ల్యాబ్

శాంపిల్స్ సంగతి చెప్తాను. మొదట గడియారాలు చూడండి. వార్డు గోడ మీద ఒక టైము, ఈసీజీ మెషీన్‌లో ఒక టైము, ల్యాబ్‌లో ఇంకో టైము ఉంటే అరగంట శాంపిల్‌కి అర్థమే ఉండదు. ముందురోజు సాయంత్రమే అన్నీ ఒకే టైముకి కలపండి. 2 గంటల శాంపిల్ 2 గంటల 12 నిమిషాలకు తీస్తే అదే రాయండి. అసలు టైము రాసి ఉంటే లెక్కలో వాడుకోవచ్చు. షీటు మీద 2.00 అని దిద్దారంటే ఆ పేషెంట్ గ్రాఫ్ మొత్తం తప్పు చెప్తుంది.

ఒకే టైముకి ఈసీజీ, రక్తం రెండూ ఉంటే ఈసీజీ ముందు. పేషెంట్‌ని పది నిమిషాలు పడుకోబెట్టి, మూడు ఈసీజీలు ఒకటి రెండు నిమిషాల తేడాతో తీసి, బీపీ చూసి, సరిగ్గా టైముకి రక్తం తీయాలి. సూది ముందు పడితే గుండె వేగం మారి క్యూటీ (ఈసీజీలో ప్రతి స్పందనకి గుండె విద్యుత్తు నడిచే సమయం) కొలత నమ్మలేం.

క్యాన్యులాలోంచి తీసేటప్పుడు మొదటి 1 మి.లీ. పారబోయండి, లేకపోతే అందులోని సెలైన్ కలిసి మందు మోతాదు తక్కువగా కనిపిస్తుంది. ట్యూబు ఏదో ల్యాబ్ మాన్యువల్‌లో ఉంటుంది, చాలావాటికి ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం) ఉన్నదే. నింపగానే 8 నుంచి 10 సార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే ఎర్ర కణాలు పగిలి ప్లాస్మా గులాబీ రంగుకి తిరుగుతుంది.

సెంట్రిఫ్యూజ్ దగ్గర చాలా సైట్లు పొరపడతాయి. మాన్యువల్‌లో 1500 జీ (భూమ్యాకర్షణకి ఎన్ని రెట్ల బలమో) అని ఉంటుంది, మెషీన్ మీద ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) ఉంటుంది. రోటర్ వ్యాసార్ధం 15 సెం.మీ. అయితే 3000 ఆర్‌పీఎంకి సుమారు 1500 జీ వస్తుంది. అదే 10 సెం.మీ. రోటర్‌లో అదే 3000కి వచ్చేది 1000 జీ మాత్రమే. మీ రోటర్‌ని స్కేలుతో కొలిచి, లెక్క వేసి, ఆ ఆర్‌పీఎం అంకెని మెషీన్ మూత మీద అతికించండి.

మన ఊరి ఉప్పు గాలికి, తేమకి మామూలు స్టిక్కర్లు ఊడిపోతాయి. డీప్ ఫ్రీజర్ చలిని తట్టుకునే క్రయో లేబుళ్లే వాడండి, వయల్ పొడిగా, గది వేడిమిలో ఉన్నప్పుడే అతికించండి. ప్రతి శాంపిల్‌నీ రెండు వయళ్లలో పోసి వేర్వేరు డీప్ ఫ్రీజర్లలో పెట్టండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ కొట్టినప్పుడు ఊళ్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు కదా. జనరేటర్ లైను ఫ్రీజర్ వరకు వచ్చిందా అని మెయిన్ ఆపి మరీ చూడండి. డ్రై ఐస్ పార్సిల్ శుక్రవారం పంపకండి. ఆదివారం ఎక్కడో గోడౌన్‌లో ఆగితే ఐస్ ఆవిరైపోతుంది. మొదటి సెట్టు చేరిందని ల్యాబ్ చెప్పాకే రెండో సెట్టు కదలాలి.

డోసు_లెక్కలు

మీ జూనియర్లకి మూడు మందుల కథ చెప్పండి చాలు.

ఇమాటినిబ్ ఫేజ్ 1లో రోజుకు 25 మి.గ్రా. నుంచి 1000 మి.గ్రా. దాకా వెళ్లారు, గరిష్ఠ సహన మోతాదు దొరకనే లేదు. 300 లేదా అంతకు మించి తీసుకున్న క్రానిక్ ఫేజ్ (తొలి దశ) సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) వాళ్లు 54 మందిలో 53 మందికి రక్త కణాలు పూర్తిగా అదుపులోకి వచ్చాయి. మందు పనిచేసే చోటు ఒకటి, శరీరం తట్టుకోలేని చోటు మరొకటి. పాత కీమోలో ఈ రెండూ పక్కపక్కనే ఉండేవి, అందుకే తట్టుకున్నంత ఇవ్వడం అలవాటైంది. గురి చూసి కొట్టే మందుకి ఆ గురి నిండాక ఇంకా పోస్తే పెరిగేది దుష్ప్రభావాలే.

ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు సోటోరసిబ్‌కి 2021లో 960 మి.గ్రా. డోసుతో అనుమతి వచ్చింది. 180 నుంచి 960 వరకు ఏ డోసు ఇచ్చినా స్థిరపడ్డాక రక్తంలో మందు ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటోంది. అందుకే 240తో పోల్చి చూపమని ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) షరతు పెట్టింది. అదే క్యాన్సర్‌కి వాడే సెరిటినిబ్‌ని మొదట పరగడుపున 750 ఇచ్చేవారు, వాంతులు, విరేచనాలతో పేషెంట్లు నలిగిపోయారు. తర్వాత 450 మి.గ్రా. తిండితో ఇస్తే రక్తంలో మందు అంతే ఉంది, కడుపు బాధ తగ్గింది. ఇలాంటివన్నీ చూసే ఎఫ్‌డీఏ 2021లో ప్రాజెక్ట్ ఆప్టిమస్ (క్యాన్సర్ మందుల డోసు ఎంచుకునే పద్ధతిని మార్చే కార్యక్రమం) మొదలుపెట్టింది. మీ ప్రోటోకాల్‌లో రెండు డోసుల పోలిక ఆ దారిలోదే.

ఇంకో మాట. 3+3 పద్ధతిలో (ఒక్కో డోసుకి ముగ్గురేసి పేషెంట్లు) ముగ్గురిలో ఒక్కరికి డీఎల్‌టీ వస్తే మరో ముగ్గురిని చేరుస్తారు, ఇద్దరికి వస్తే పెంపు ఆగిపోతుంది. కానీ ఆరు వారాలు ఆగకుండా ఉండే గ్రేడ్ 2 (మధ్యస్థ తీవ్రత) విరేచనాలు ఈ లెక్కలోకి రావు. నెలల తరబడి మింగాల్సిన మాత్రకి అసలు శత్రువు అదే. 28 రోజులు దాటాక కూడా మందు ఎన్ని రోజులు ఆపారు, ఎందుకు ఆపారు అన్నది తేదీలతో రాయండి. రెండు డోసుల్లో ఏది మంచిదో చివరికి తేల్చేది ఆ తేదీలే.

ఉత్తరాంధ్ర_ఆంకో

దూరం పేషెంట్ల గురించి నేను చెప్తాను. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే "ఏమీ లేవు" అంటారు. గ్యాస్ మాత్రని ఎవరూ మందు కింద లెక్కపెట్టరు. పాంటప్రజోల్ పొద్దున్నే వేసుకుంటే కడుపులో ఆమ్లం తగ్గి ఎర్లోటినిబ్, డసాటినిబ్ లాంటి క్యాన్సర్ మాత్రలు సరిగా ఒంటికి పట్టవు. మీ మందుకీ ఆ గుణం ఉందేమో ఇన్వెస్టిగేటర్ బ్రోషర్‌లో (మందు గురించి స్పాన్సర్ ఇచ్చే పుస్తకం) చూడండి. "గ్యాస్ మాత్ర, నిద్ర మాత్ర, ఆకు పసరు, కషాయం, హోమియో గుళికలు" అని పేరుపేరునా అడగండి, సంచీ మొత్తం టేబుల్ మీద పెట్టించండి. పసరు వల్ల పెరిగిన లివర్ ఎంజైములు కొత్త మందు ఖాతాలో డీఎల్‌టీగా పడితే ఒక మంచి డోసు అన్యాయంగా ఆగిపోతుంది.

టీబీ మందులు మరీ ముఖ్యం. రిఫాంపిసిన్‌తో కలిస్తే రక్తంలో ఇమాటినిబ్ మొత్తం 74 శాతం పడిపోతుంది. నోటి పూతకి ఇచ్చే ఫ్లూకోనజోల్ దీనికి ఎదురు, సీవైపీ3ఏ4 (కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైమ్) ద్వారా కరిగే మందుల్ని రక్తంలో పెంచుతుంది.

విరేచనాలు మొదలైతే ఊరి ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని, మీకు నెలాఖరు విజిట్‌లో చెప్తారు. ప్రోటోకాల్ ఒప్పుకుంటే లోపెరమైడ్ ముందే చేతికిచ్చి పంపండి: మొదట 4 మి.గ్రా., ఆ తర్వాత నీళ్ల విరేచనం అయినప్పుడల్లా 2, రోజుకు 16 దాటకూడదు. జేబులో పెట్టుకునే కార్డు తెలుగులో వేయించండి, ఆర్‌ఎంపీ చదివినా అర్థమయ్యేలా. ఆసుపత్రిలో చేరితే అది ఎస్‌ఏఈ (తీవ్రమైన ప్రతికూల ఘటన). అది జరిగిన 24 గంటల్లో సీడీఎస్‌సీఓకి (మన దేశ మందుల నియంత్రణ సంస్థ), స్పాన్సర్‌కి, ఎథిక్స్ కమిటీకి రిపోర్టు వెళ్లాలి. అందుకని మొదటి నెల మూడు రోజులకోసారి మీరే ఫోన్ చేయండి.

పాడేరు వైపు కువి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు. తెలుగు కన్సెంట్ ఫారం చదివి వినిపిస్తే తల ఊపుతారు, అంతే. వాళ్ల భాషలో ఫారం తయారుచేయించి కమిటీ అనుమతి ముందే తెచ్చుకోండి. చదువురాని వాళ్లకి వేలిముద్రతో పాటు నిష్పాక్షిక సాక్షి ఉండాలి. ఆ సాక్షి మీ స్టడీ టీములో మనిషి కాకూడదు.

మాధవధార_కోఆర్డినేటర్

చాలా థాంక్సండీ. రోటర్ కొలిచాను, 10 సెం.మీ.దే! మరొక్కటి: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు పేషెంట్లలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష) పరిస్థితేంటి?

ఉత్తరాంధ్ర_ఆంకో

రిపోర్టులో అంకె చూసి సరిపెట్టుకోకండి. 58 ఏళ్లు, 45 కిలోలు, క్రియాటినిన్ 1.3 ఉన్న మగ మనిషిని తీసుకోండి. చూడ్డానికి కొంచెమే ఎక్కువ. కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ సూత్రంలో వేస్తే క్లియరెన్స్ (కిడ్నీ వడపోత వేగం) నిమిషానికి 39 మి.లీ. వస్తుంది. ప్రోటోకాల్ 50 అడిగితే ఆయన పనికిరారు. స్క్రీనింగ్‌కి పిలిచి, ఒకరోజు కూలి పోగొట్టి, బయాప్సీ కూడా తీశాక ఈ మాట చెప్పడం ఎంతమాత్రం న్యాయం కాదు. పాత రిపోర్టు, బరువు ఫోన్‌లోనే కనుక్కుని ముందే లెక్క వేయండి.

మందు మొదలయ్యాక క్రియాటినిన్ పెరిగితే వెంటనే డీఎల్‌టీ అనుకోవద్దు. టుకాటినిబ్, కాప్మాటినిబ్ లాంటి క్యాన్సర్ మందులు కిడ్నీ గొట్టాల్లో క్రియాటినిన్ బయటికి పోకుండా అడ్డుకుంటాయి, వడపోత మాత్రం మామూలుగానే ఉంటుంది. సిస్టాటిన్ సి (వడపోతని చూపే మరో రక్త పరీక్ష) చేయిస్తే తేడా తెలుస్తుంది. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి చేయించి ఉంచండి, పోల్చడానికి అదే ఆధారం. డెక్సామెథాసోన్ వాడుతున్నవాళ్లలో సిస్టాటిన్ కూడా దానంతట అదే పెరుగుతుంది కాబట్టి స్టెరాయిడ్ డోసు, తేదీ పక్కనే రాయించండి.