గంట రేటు పెంచితే సరిపోతుందా, గంటలు కూడా ఖాయం చేయాలా?

లెడ్జర్: పెద్ద రిటైల్ చైన్ల ఉద్యోగుల గురించి మాట వచ్చినప్పుడల్లా షిఫ్టులు ముందే చెప్పాలి, కనీస గంటలు ఇవ్వాలి అంటారు. నేనైతే గంట రేటు పెంచి మిగతాది మేనేజర్‌కు వదిలేయమంటాను. జనం వచ్చే తీరు రోజుకో రకంగా ఉంటుంది. సరుకుల వ్యాపారంలో మార్జిన్లు అంతంతమాత్రమే. ఖాళీ కౌంటర్ దగ్గర మనిషిని నిలబెట్టి జీతమిస్తే, ఆ భారం చివరికి ఉద్యోగాల కోతగా తేలుతుంది.

బిల్లింగ్ 3: లెడ్జర్ గారూ, రేటును గంటలతో గుణిస్తేనే కదండీ జీతం! రేటు 10 శాతం పెంచి, వారానికి 30 గంటలను 22కి తగ్గిస్తే చేతికొచ్చేది పాత జీతం కన్నా తక్కువే.

జనం రాకపోకలే కారణమంటారా? అమెరికాలో 2010 ఆరోగ్య బీమా చట్టం చూడండి. 50 మందికి తగ్గకుండా ఫుల్‌టైమ్ సిబ్బంది ఉన్న సంస్థ, వారానికి సగటున 30 గంటలు చేసేవాళ్లకు బీమా ఇవ్వాలి, లేకపోతే జరిమానా పడొచ్చు. ఎవరినైనా 29 దగ్గర ఆపేస్తే ఆ ఖర్చు తప్పుతుంది. దీనికీ కౌంటర్ ముందున్న క్యూకీ సంబంధమేంటి?

ఇక లెక్కలోకే రాని సమయం ఒకటుంది. అవుట్ పంచ్ కొట్టాక సెక్యూరిటీ దగ్గర బ్యాగు తెరిచి చూపించడానికి లైన్లో నిలబడాలి. ముందున్నవాళ్ల టిఫిన్ బాక్సు దాకా తీసి చూస్తారు. వదిలేసి వెళ్లలేం, జీతమూ ఉండదు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు, గోదాము కార్మికుల కేసులో, ఇలాంటి తనిఖీ సమయానికి ఫెడరల్ చట్టం (దేశమంతటికీ వర్తించే చట్టం) కింద జీతం రాదంది. 2020లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, యాపిల్ స్టోర్ల కేసులో, తమ రాష్ట్ర చట్టం కింద ఇవ్వాల్సిందే అంది. జీతం లెక్కలోకి రాకపోతే, గంట రేటు ఎంత పెంచినా ఆ లైన్లో గడిచే సమయానికి డబ్బు రాదు.

వీకెండ్ షిఫ్ట్: నాలాగా చదువుకుంటూ చేసేవాళ్లకు మాత్రం ఇలా ఉంటేనే హాయి. పరీక్షలప్పుడు గంటలు తగ్గించుకుంటాను. అన్నీ ఖాయం చేస్తే మమ్మల్నెవరు పెట్టుకుంటారు?

బిల్లింగ్ 3: తమ్ముడూ, తగ్గించమని నువ్వడగడం వేరు, "రేపు రావద్దు" అని రాత్రి మెసేజ్ రావడం వేరు. ఒరెగాన్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం ఆ రెండోదాన్నే పట్టుకుంది. 500 మంది, అంతకు మించి ఉన్న రిటైల్ సంస్థలు రోస్టర్, అంటే ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక, ముందే ఇవ్వాలి: మొదట 7 రోజులు, 2020 జూలై నుంచి 14 రోజులు. చివర్లో షిఫ్టు కోస్తే, పోయిన గంటలకు సగం జీతం కట్టాలి. రాత్రి క్యాష్ ట్యాలీ చేసి షట్టర్ దించినవాళ్లనే తెల్లవారి షట్టర్ ఎత్తమంటే, రెండు షిఫ్టుల మధ్య 10 గంటలు ఉండాలి. ఆ లోపే పని చేస్తే ఆ గంటలకు ఒకటిన్నర రేటు. నీ అంతట నువ్వు మార్చమంటే సంస్థ ఏమీ కట్టక్కర్లేదు. ఇందులో నీకొచ్చిన నష్టమేముంది?

లెడ్జర్: 500 అని గీత గీస్తే 499 దగ్గర ఆగేవాడు ఉంటాడు. మీరు చెప్పిన 29 గంటల కథే మళ్లీ. చట్టంతో ప్రతిదీ బిగించబోతే ఇంతే.

బిల్లింగ్ 3: చైన్లు నడిపేవాళ్లు 499 మందితో ఆగుతారా చెప్పండి. గంటల దగ్గర మాత్రం మీరన్నది నిజం, అక్కడ గీతే ఉండకూడదు. ఎన్ని గంటలు చేస్తే అంత వంతు బీమా, అంత వంతు లీవు ఇవ్వాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1994 పార్ట్‌టైమ్ ఒప్పందంలోని సూత్రమూ దాదాపు ఇదే, ఆమోదించిన దేశాలే తక్కువ. 40 గంటలవాళ్లకు ఇచ్చేదాంట్లో 20 గంటలవాళ్లకు సగం ఇచ్చి తీరాలంటే, 29 దగ్గర మనిషిని ఆపి సంస్థ మిగుల్చుకునేది ఏముంటుంది?