ఒత్తిడి తగ్గాలంటే ఐసీయూ వదిలి డయాలసిస్‌కు మారడం సరైనదేనా?

ఐసీయూ స్టాఫ్ నర్సు, విశాఖపట్నం:
బీఎస్సీ నర్సింగ్ పూర్తయినప్పటి నుంచి ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలోనే పనిచేస్తున్నాను. వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు చొప్పున ఉండాలన్నది నియమమే అయినా, నైట్ డ్యూటీలో నాకు ఇద్దరినీ, ఒక్కోసారి ముగ్గురినీ అప్పగిస్తున్నారు. ఇంటికి వెళ్లినా చెవుల్లో అలారాలు మోగుతూనే ఉంటాయి. ఇక్కడే డయాలసిస్ యూనిట్‌లో ఖాళీ వచ్చింది. అక్కడ నైట్ డ్యూటీలు ఉండవంటున్నారు. ఐసీయూ అనుభవం ఉంటేనే గల్ఫ్‌లో గిరాకీ అని మా ఇన్‌చార్జ్ సిస్టర్ వారిస్తున్నారు. ఏం చేయమంటారు?

డయాలసిస్ నర్సు, శ్రీకాకుళం జిల్లా:
సిస్టర్, మారండి, కానీ అది విశ్రాంతి అనుకుని మారకండి. ఒక్కో సెషన్ నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ యంత్రమే చూసుకుంటుందని బయటివారు అనుకుంటారు. రోగి ఆవులించడం మొదలుపెట్టాడంటే నేను బీపీ యంత్రం అందుకుంటాను; పడిపోతున్న రక్తపోటుకు చాలాసార్లు అదే మొదటి గుర్తు. వెంటనే నీరు తీయడం ఆపి, కాళ్లు ఎత్తిపెట్టి, సెలైన్ ఎక్కించాలి. ఆదివారం సెలవు కలిసి రెండు రోజుల విరామం వచ్చినవారు సోమవారం ఒంట్లో అదనపు నీటితో వస్తారు కాబట్టి ఆ రోజు యూనిట్ అంతా ఉరుకులు పరుగులే. హెపటైటిస్ బి ఉన్నవారి యంత్రం వేరుగా ఉంచాలి, ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపిన చోట) సూది ఒక్క పోటులో దిగాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా మాట పడేది మనమే.

అయినా నాకు ఇదే నచ్చింది. కారణం ఏమిటంటే, ఐసీయూలో ఎప్పుడు ఏం జరుగుతుందో తెలియదు, ఇక్కడ జరగబోయేది చాలావరకు ముందే ఊహించవచ్చు. అయితే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో పనిచేస్తున్న నాకు వేరే బరువు ఉంది. కవిటి, సోంపేట, కంచిలి మండలాల నుంచి కొబ్బరి, జీడి రైతులు వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ల తరబడి వస్తారు. ఈ కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు కాబట్టి, "మా అబ్బాయికి కూడా వస్తుందా అమ్మా?" అని అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఐసీయూలో పేరు కూడా తెలియని మనిషి పోతాడు; ఇక్కడ మనవరాలి పెళ్లికి మనల్ని పిలిచిన మనిషి పోతాడు. ఇది తట్టుకోలేనివారు ఐసీయూలో ఉండటమే మేలని నా అభిప్రాయం.

ఎంఎల్‌హెచ్‌పీ (ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది), అనంతపురం జిల్లా:
ఆసుపత్రి గోడలు దాటి ఎవరూ ఆలోచించరేం? మైదాన ప్రాంతంలో సుమారు 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉంటుంది. బీపీ, షుగరు, గర్భిణుల పరీక్షలు ప్రధానంగా మా పని. నైట్ డ్యూటీ లేదు. కాంట్రాక్టు ఉద్యోగమన్న బెంగ మాత్రం ఉంది, యాప్‌లలో నమోదు చేయాల్సినవి కూడా తక్కువేమీ కావు. సాయంత్రం సిగ్నల్ దొరక్కపోతే చూడాలి మా తిప్పలు.

విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్, హైదరాబాద్:
ఏ విభాగం తేలిక అన్న ప్రశ్నే నాకు అసంపూర్తిగా తోస్తోంది. ఒకే డయాలసిస్ యూనిట్‌లో నర్సుకు మూడు యంత్రాలు ఇస్తే ప్రశాంతంగా పనిచేసినవారే, ఆరు ఇస్తే నెలలోపే రాజీనామా రాయడం చూశాను. అందువల్ల అమ్మా, మారే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడుగు: ఒక్కొక్కరికి ఎన్ని యంత్రాలు, టెక్నీషియన్ ప్రతి షిఫ్టులో ఉంటారా, అర్ధరాత్రి ఐసీయూ రోగికి అత్యవసర డయాలసిస్ అవసరమైతే ఎవరు రావాలి. నైట్ డ్యూటీ ఉండదన్న మాట చాలాచోట్ల ఈ మూడోదాని దగ్గరే తేలిపోతుంది. గల్ఫ్ సంగతంటావా, డయాలసిస్ నర్సులకూ అక్కడ పిలుపులున్నాయి. ఆ భయంతో ఆగాల్సిన పని లేదు.

ఐసీయూ స్టాఫ్ నర్సు, విశాఖపట్నం:
అడిగాను. నర్సుకు నాలుగు యంత్రాలట, టెక్నీషియన్ పగలు మాత్రమేనట. రాత్రి పిలుపులు వంతులవారీగా ఉంటాయని నోటిమాటగా చెప్పారు, రాసివ్వడానికి మాత్రం వెనకాడుతున్నారు.

డయాలసిస్ నర్సు, శ్రీకాకుళం జిల్లా:
నాలుగు యంత్రాలు మోయగలిగినవే. వంతుల పట్టిక చేతికి వచ్చేదాకా బదిలీ కాగితం మీద సంతకం పెట్టకండి, సిస్టర్.