ఉద్దానం రక్తంతో కిట్ చేస్తే అది ఎవరిది? గవర్నమెంటు ల్యాబులు బయోటెక్ కంపెనీలతో కలవొచ్చా?

కవిటి కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి మండలం, కిడ్నీ జబ్బు ఎక్కువున్న ప్రాంతం. మా నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పాడైందో రక్తంలో చూసే లెక్క) 7 దాటీసింది, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తన్నాను, ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో తెలియాలని ముందే చెప్పీసినాను. విషయం ఏటంటే కొన్నేళ్ల కింద మా ఊరికి ఒక టీము వచ్చింది, బడి వరండాలో బెంచీలేసి అందరి రక్తం, మూత్రం తీసుకున్నారు. ఊదారంగు మూతల చిన్న ట్యూబులు ఐసు డబ్బాలో వరసగా పేర్చుకోడం నాకింకా కళ్లకి కట్టినట్టుంది. అడిగినోళ్లకి అడిగినంత ఇచ్చాం, రిజల్టు ఏటొచ్చిందో ఈరోజు వరకు చెప్పినోళ్లు లేరు. ఇప్పుడేమో ఈ కిడ్నీ జబ్బుని తొందరగా పట్టీ టెస్టు కిట్లు రావాలంటే గవర్నమెంటు రీసెర్చ్ సంస్థలు ప్రైవేటు బయోటెక్ కంపెనీలతో కలిసి పనిచేయాల అంటున్నారు. రేపు మా నమూనాల మీదే కిట్ తయారైతే అది ఎవరిది అవుతాది, మాకు ఎంతకి దొరుకుతాది? అసలు ఇలగ కలవొచ్చా కూడదా?

పైడిభీమవరం క్యూసీ:
తమ్ముడూ, ముందు నాన్నగారు జాగ్రత్త. నేను ఫార్మాలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. కలవాలి, తప్పదు. క్రియాటినిన్ పెరిగినట్టు కనపడేసరికి కిడ్నీ పని సగానికి సగం పోయుంటాది, అంతకంటే ముందే పట్టీ టెస్టు ఉద్దానానికి చాలా అవసరం. కానీ ల్యాబులో వందమంది నమూనాల మీద పనిచేసిన టెస్టు లక్ష కిట్లుగా తయారై, ఎండల్లో కంచిలి పీహెచ్‌సీ బీరువాలో ఆరు నెలలు ఉండి కూడా అదే రిజల్టు ఇవ్వాలంటే దానికి ఫ్యాక్టరీ కావాలి, బ్యాచ్ టెస్టింగ్ కావాలి, లైసెన్సు కావాలి. మా దగ్గర ఒక్క బ్యాచ్‌లో చిన్న తేడా కనపడితే మొత్తం ఆపీస్తాం. ఆ పని సైంటిస్టులది కాదు.

పసిపిల్లల విరేచనాలకి వేసే రోటావాక్ టీకా చూడండి. 1985-86లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పిల్లల్లో 116ఈ అనే రోటావైరస్ రకం దొరికింది, అది సోకినా ఆ పిల్లలకి విరేచనాలు అవలేదు, డాక్టర్ ఎం.కె. భాన్ గారు దాన్ని పట్టుకున్నారు. తర్వాత కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, హైదరాబాద్ భారత్ బయోటెక్, అమెరికా గవర్నమెంటు సంస్థలు కొన్ని కలిసి పనిచేసి, 6,799 మంది పసిపిల్లల మీద ట్రయల్ చేసి 2015లో టీకా తెచ్చారు. డోసు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ అది బయటికి రాకముందే చెప్పింది. 2016లో సర్కారు టీకాల్లో పెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. మా పాప 2017లో పుట్టింది, ఆరో వారంలో నోట్లో ఐదు చుక్కలు వేశారు, రూపాయి తీసుకోలేదు.

రాగోలు రైతు:
మీరు మంచి ఉదాహరణే చెప్పారు గాని అన్నీ అలాగ ఉండవు బాబూ. మేం తిన్న తిండి కంపెనీలు లేకుండానే వచ్చింది. మారుటేరు గవర్నమెంటు పరిశోధనా కేంద్రంలో 1982లో విడుదలైన స్వర్ణ వరి, అదే 7029, మా నాన్న పక్కింటి గాదెలోంచి విత్తనం తెచ్చి జల్లీవోడు, ఎవడికీ ఫీజు కట్టలేదు. సాంబమసూరికి ఎండాకు తెగులు పీడిస్తంటే హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ, వరి పరిశోధనా సంస్థ, రెండూ గవర్నమెంటువే, కలిసి కూర్చుని తెగులు తట్టుకునే మూడు జన్యువులు మామూలు సంకరంతోనే అందులోకి తెచ్చి 2008లో కొత్త రకం ఇచ్చాయి. అదే పత్తి చూడండి. మా బావమరిదిది రాజాం సైడు, పత్తి వేస్తాడు. బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్టు అప్పట్లో 1,850 రూపాయలు, అందులో 1,250 ఒట్టి టెక్నాలజీ ఫీజే! మన రాష్ట్ర ప్రభుత్వం కంపెనీల గుత్తాధిపత్యాన్ని చూసే ఎంఆర్‌టీపీ కమిషన్‌కి వెళ్లి కొట్లాడితే 2006లో 750కి దిగింది. కంపెనీ చేతికి తాళం ఇచ్చీసాక గుమ్మం దగ్గర నిలబడి బతిమాలుకోవాల్సిందే.

పైడిభీమవరం క్యూసీ:
రైతుగారూ, మీ కోపం న్యాయమే, కానీ వరి గింజ వేరు, టీకా వేరు. గింజ వేస్తే గింజే పెరుగుతాది, మీ పొలమే ఫ్యాక్టరీ. కిట్ అలా పెరగదు కదా. ఇంకోటి, బీటీ జన్యువు మోన్‌శాంటో కంపెనీ సొంతం, గవర్నమెంటు ల్యాబులో పుట్టింది కాదు. మన డబ్బుతో పుట్టినదానికి షరతు పెట్టీ హక్కు మనకుంది, ఆ షరతు సంతకం ముందే పెట్టుకోవాలి, అదే నేను చెప్పేది.

రాగోలు రైతు:
గింజ సంగతి ఒప్పుకున్నాను. షరతు ఎవరు పెడతారు, ఎవరు చదువుతారు అన్నదే నా బాధ.

కవిటి కుర్రోడు:
నా బాధా అదేనండి. కోవిడ్ టీకా కోవాక్సిన్ సంగతి తీసుకోండి. వైరస్‌ని వేరు చేసి ఇచ్చింది పుణేలో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధనా మండలి) వాళ్ల వైరాలజీ సంస్థ, టీకా చేసింది భారత్ బయోటెక్ కంపెనీ, అమ్మకాల్లో 5 శాతం రాయల్టీ ఐసీఎంఆర్‌కి అని తేలింది. 2021 ఏప్రిల్‌లో రేటు చెప్పినప్పుడు రాష్ట్రాలకి 600, ప్రైవేటు ఆస్పత్రికి 1,200. గొడవయ్యాక రాష్ట్రాలకి 400 చేశారు. టీకా మంచిదే, మా ఇంట్లో అందరం వేయించుకున్నాం, ఆ టైములో అంత తొందరగా తెచ్చారంటే చేతులెత్తి దండం పెట్టాల. కానీ రోటావాక్‌కి రేటు మాట ముందే ఉంది, దీనికి టీకా చేతికొచ్చాక తెలిసింది. అమెరికాలో కూడా మోడర్నా కంపెనీ తమ గవర్నమెంటు ఆరోగ్య సంస్థ కనిపెట్టిన పద్ధతి కోవిడ్ టీకాకి వాడుకుని, చాలా గొడవయ్యాక 40 కోట్ల డాలర్లు కట్టినట్టు 2023లో బయటికొచ్చింది. మరి ఉద్దానం తరఫున గొడవ చేసీవోడెవడు? జీడితోటల్లో కూలికెళ్లి వచ్చీ మావోళ్లా? ఇన్నేళ్లయినా జబ్బుకి కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు, అందుకని మా దగ్గరికి నమూనాలకి వస్తానే ఉంటారు, రావాల కూడా. కలవండి, కంపెనీని తెచ్చుకోండి, గాని రేటు ఎంత, ఉద్దానం మండలాలకి ఫ్రీయా కాదా అన్నది సూది గుచ్చకముందే తెలుగులో రాసి పంచాయితీ ఆఫీసు గోడకి అంటించండి.

పార్వతీపురం సిస్టర్:
నేను ఏఎన్ఎంని తమ్ముడూ, ఇలాటి క్యాంపుల్లో కూర్చున్నాను. నువ్వడిగింది కొత్త కోరికేం కాదు. ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లోనే ఉంది, నమూనా ఇచ్చినోళ్లే దానికి ఓనర్లు, దాచిపెట్టిన సంస్థ కాపలాదారు మాత్రమే. రేపు వ్యాపారానికి వాడతారేమో, వాడితే లాభంలో వాటా సంగతేంటి అన్నది అంగీకార పత్రంలో చెప్పాల. రాత ఉంది గాని క్యాంపులో ఏమవుతాదంటే మధ్యాహ్నం లోపల రెండొందల మందిని చూడాల, ముసలోళ్లు ఎండలో నిలబడుంటారు, ఫారం ఇంగ్లీషులో ఉంటాది, "కిడ్నీ పరీక్షమ్మా, ఇక్కడ వేలెయ్యి" అంటాం. నేనూ అలాగే అన్నాను, అది తప్పే. మీకేమైనా కాపీ ఇచ్చారా? ఉంటే ఫొటో పెట్టు, ఏం రాసుందో చదివి చెప్తాను.

కవిటి కుర్రోడు:
అమ్మ రేషన్ కార్డుతో పాటు దాచింది అక్కా, ఇప్పుడే తీసి చూసినాను. మడత దగ్గర చిరిగిపోయింది. ఇంగ్లీషే. కింద నాన్న వేలిముద్ర, పక్కన ఎవరిదో సంతకం. పైన మూలకి పేజీ 1, మొత్తం 3 అని ఉంది. మిగతా రెండు మాకివ్వలేదు. పక్కింటోళ్లని అడిగాను, వాళ్లకీ ఒక్కటే ఉంది.

రాగోలు రైతు:
బాబూ ఆ రెండు పేజీలు ఇమ్మని సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. నాకు రాయడం అలవాటే, తేదీ, ఊరు పేరు చెప్పు, రాత్రికి రాసి పంపిస్తాను.