క్లోరోఫాం గుండెను ఆపదని హైదరాబాద్ నిరూపించిందా? బోర్డు మీద ఏం రాయాలి?

కోఠి_పుస్తకాలగూడు:
అక్టోబర్ 16 ప్రపంచ అనస్థీషియా దినం. 1846లో అదే రోజున బోస్టన్‌లో మోర్టన్ ఈథర్ అనే మత్తుమందు ఆవిరి పీల్పించి, రోగి మెడ మీది గడ్డను నొప్పి తెలియకుండా కోయించాడు. ఆ సందర్భంగా మా పాఠకుల బృందం ఒక చిన్న ప్రదర్శన పెడుతోంది. అందులో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ మీద ఒక బోర్డు ఉంటుంది. దానికి అనుకున్న శీర్షిక ఇది: "క్లోరోఫాం గుండెను ఆపదని ప్రపంచానికి నిరూపించిన నగరం." ఇది తప్పని ఇద్దరు, ఇదే సరైనదని ఒకరు అంటున్నారు. తెలిసినవాళ్లు తేల్చి చెప్పండి.

కొత్తగా చూసేవారి కోసం సంగతి క్లుప్తంగా. క్లోరోఫాం కూడా ఈథర్ లాగే ఆవిరి పీల్పించి ఇచ్చిన మత్తుమందు. ఎడ్వర్డ్ లారీ ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీకి సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్. ఎడింబరోలో సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యుడు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడితో పని లేదు, ఊపిరి ఒక్కటే చూడాలి అనేది సైమ్ మాట. 1888లో మొదటి కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరి, గుండె ఆ తర్వాతే అని తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. మీ మనిషినే పంపి చూసుకోండని నిజాం ప్రభుత్వం 1000 పౌండ్లు ఇచ్చింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం. 1889 అక్టోబర్‌లో లాన్సెట్ తరఫున లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయగలదని నమ్మేవాడే. రెండో కమిషన్ 400కు పైగా జంతువులను చూసింది. చివరికి బ్రంటన్ కూడా లారీ వైపే మొగ్గాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్లే, నేరుగా గుండెకు ఏమీ కాదు అని లండన్‌కు తంతి కొట్టాడు.

ఫార్మకాలజీ_పాఠం:
ఆ శీర్షిక పెట్టకండి. గుండెను ఆపదన్న మాట శాస్త్రపరంగా తప్పు, అది తప్పని తేలడానికి ఎక్కువ కాలం కూడా పట్టలేదు.

కమిషన్‌కు దాదాపు పదేళ్ల ముందే గ్లాస్గో కమిటీ క్లోరోఫాంతో రక్తపోటు ఉన్నట్టుండి పడిపోవడం చూసింది. 1890లో అబర్డీన్‌లో మెక్‌విలియం, మామూలు మోతాదులోనే గుండె గదులు సాగి వదులైపోవడం చూపాడు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ ఇచ్చినది. వాళ్లు రెండు జంతువుల రక్తనాళాలు కలిపారు. ఒకదాని మెదడుకు రెండోదాని రక్తం అందేలా అమర్చారు. క్లోరోఫాం మెదడుకు మాత్రమే వెళ్లినప్పుడు రక్తపోటు పడలేదు. ఒంటికి, అంటే గుండెకు వెళ్లినప్పుడు పడింది. మెదడులోని కేంద్రం ద్వారానే రక్తపోటు తగ్గుతుందన్న కమిషన్ వాదన అక్కడితో పోయింది.

పైగా కమిషన్ ఆ రక్తపోటు పడిపోవడాన్ని నిరపాయమని, ఒక రకంగా రక్షణ అని కూడా రాసింది. నన్నడిగితే బోర్డు మీద ముందు చెప్పాల్సింది ఈ పొరపాటే.

అఫ్జల్‌గంజ్_గడప:
అన్నా, గంత తొందరగ కొట్టెయ్యకు. గా రోజులల్ల క్లోరోఫాం ఎవరిస్తుండెనో యాది పెట్టుకో. మత్తు డాక్టర్ అని వేరే మనిషి లేడు. చదువుకునే పిలగాడో కంపౌండరో నిలబడ్తడు. ఒక చేతిల బట్ట, ఇంకో చేతిల సీసా. గిప్పుడు నాడి మీద వేలు పెట్టమంటే గదవ ఎవరు లేపాలె? మత్తు ఎక్కినంక నాలుక ఎనక్కి జారి గొంతు మూసుకుంటది. ఛాతీ ఎగురుతనే ఉంటది గని గాలి లోపలికి పోదు. నాడి మంచిగనే కొట్టుకుంటున్నట్టు అనిపిస్తది. నాడి తప్పేసరికి పని అయిపోతది. ఊపిరి చూసేటోడు దానికన్నా ముందే పసిగడ్తడు.

కమిషన్ చెప్పిన పద్ధతి చదివినోళ్లకు లారీ విలువ తెలుస్తది. మనిషిని ఎల్లెలుకల పండబెట్టాలె. మెడ కాడ, ఛాతీ కాడ, పొట్ట కాడ బట్టలు వదులు చెయ్యాలె. బట్టను టోపీ లెక్క చేసి కొసన దూది పెట్టాలె. మొదట్ల మూతికి దగ్గరగ పెట్టొద్దు. రోగి ఊపిరి బిగవట్టినా, గింజుకున్నా బట్ట తియ్యాలె, ఎందుకంటే గింజుకున్నంక పెద్ద పెద్ద ఊపిరులు తీస్తడు, గప్పుడే మోతాదు ఒక్కసారి ఎక్కుతది. కంటి గుడ్డును వేలితోని ముట్టినా రెప్ప కొట్టుకోకపోతే మత్తు నిండినట్టు. గక్కడ ఆపాలె. గంత దాంక కత్తి పెట్టనియ్యొద్దు.

ఇండ్ల ఏది తప్పో చెప్పు.

ఫార్మకాలజీ_పాఠం:
పద్ధతిలో తప్పు లేదు, ఒప్పుకుంటాను. గదవ ఎత్తడం, గింజుకునేటప్పుడు బట్ట తీయడం ఇప్పటికీ చెప్పే పాఠాలే. కానీ బోర్డు మీద మీరు రాయబోతున్నది పద్ధతి కాదు, సిద్ధాంతం.

నాడి_ఊపిరి:
ఇద్దరి మాటల్లోనూ సత్యం ఉంది. రెండు రకాల చావులను ఒకే గాటన కట్టడం వల్ల గొడవ వస్తోంది. విడదీసి చూద్దాం.

మొదటిది మోతాదు మించిన చావు. మత్తు లోతుగా దిగుతూ పోతే ముందు ఊపిరి నెమ్మదించి ఆగుతుంది. గుండె ఇంకా కొన్ని నిమిషాలు కొట్టుకుంటుంది. ఈ వ్యవధిలో బట్ట తీసేసి, ఛాతీ నొక్కుతూ ఊపిరి ఆడిస్తే మనిషి దక్కుతాడు. కమిషన్ చూసింది దీన్నే, చూసినంతవరకు సరిగ్గానే చూసింది. జంతువుకు ఊపిరి ఆగేదాకా క్లోరోఫాం ఇస్తూ పోతే ఈ వరస తప్పదు.

రెండోది మత్తు పూర్తిగా ఎక్కకముందే, మొదటి నిమిషాల్లో వచ్చే చావు. 1848 జనవరి 28న న్యూకాజిల్ దగ్గర వింలటన్‌లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్లకు కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. సింప్సన్ ఎడింబరోలో దాన్ని మొదటిసారి పీల్చి చూసిన 1847 నవంబర్ 4కు ఇంకా మూడు నెలలు కూడా నిండలేదు. చేతిరుమాలు మీద చెంచాడు పోసి ముక్కు దగ్గర పెట్టారు. అర నిమిషంలో చెయ్యి బిగిసింది. కత్తి పెట్టగానే కాలు విదిల్చింది. పెదవులు పాలిపోయాయి. గొంతులో బ్రాందీ పోశారు. రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోయింది. బ్రాందీ ఊపిరితిత్తుల్లోకి పోయిందని కొందరు, గుండె ఆగిందని కొందరు ఈనాటికీ వాదిస్తారు. ఆ కాలపు లండన్ మత్తు వైద్యుడు జాన్ స్నో మాత్రం చిక్కటి ఆవిరి గుండెను నేరుగా కొట్టిందనే అన్నాడు.

ఈ రెండో చావు గుట్టు 1911లో విప్పినవాడు గుడ్‌మన్ లెవీ. పిల్లులకు క్లోరోఫాం తేలిగ్గా ఇచ్చి, ఆ స్థితిలో కాస్త అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె కింది గదులు కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టాయి. వెంట్రిక్యులార్ ఫిబ్రిలేషన్. అదే పిల్లికి మత్తు లోతుగా ఉన్నప్పుడు ఆ ముప్పు తగ్గింది. భయంతో వణికే రోగి ఒంట్లో అడ్రినలిన్ దానంతట అదే పొంగుతుంది. గింజుకుంటే ఇంకా ఎక్కువ. సగం మత్తులో కత్తి పెడితే మరీ ఎక్కువ. అందుకే కాలిగోరు, పన్ను వంటి చిన్న పనులకు "కొంచెం చాలు" అని తేలిగ్గా ఇచ్చినప్పుడు కూడా మనుషులు పోయారు. ఇచ్చి, ఆపి, మళ్లీ ఇవ్వడం కూడా ప్రమాదమేనని లెవీ చెప్పాడు.

1889లో దీన్ని పట్టుకునే సాధనం కూడా లేదు. ధమనికి కలిపిన మానోమీటరు రక్తపోటు పడిందని చూపుతుంది గానీ, గుండె నిలిచిందా వణుకుతోందా చెప్పదు. వాడుకకు పనికొచ్చే ఈసీజీ యంత్రం ఇంకా రాలేదు.

అఫ్జల్‌గంజ్_గడప:
డాక్టర్ సాబ్, మీరు చెప్పింది సమజయింది. ఒక్కటి అడుగుత. గుండె వణకబట్టినంక నాడి పట్టుకున్నోడు ఏం చేస్తడు? మనిషి గుండెకు కరెంటు షాకిచ్చి బతికించింది 1947ల, బెక్ అనే సర్జన్. అంటే 1889ల నాడి చూసినా చూడకున్నా గా రోగి దక్కడు. ఊపిరి చూస్తే కనీసం మొదటి రకంవాళ్లు బతుకుతరు. మరి లారీ చెప్పిందే పనికొచ్చే మాట కాదా?

ఇంకో ముచ్చట. కంటి గుడ్డు ముట్టినా రెప్ప కదలనంత దాంక కత్తి పెట్టొద్దన్నడు కదా. మీ లెవీ లెక్క ప్రకారం గదే రోగిని కాపాడేది. కారణం తెల్వకున్నా దారి సక్కంగనే చూపిండు.

నాడి_ఊపిరి:
ఇది మంచి ప్రశ్న. రెండో మాటకు పూర్తిగా తలూపుతాను. లారీ చేతి పద్ధతి ఆయన సిద్ధాంతం కన్నా మెరుగు. పూర్తి మత్తు వచ్చేదాకా ఆగమనడం లెవీ చెప్పిన గుంటలోకి రోగిని పడకుండా చూస్తుంది.

మొదటి మాటతో మాత్రం ఏకీభవించను. ఫిబ్రిలేషన్ వచ్చాక నాడి చూసి లాభం లేదు, నిజమే. నష్టం ఇంకోచోట జరిగింది. గుండెకు ప్రమాదమే లేదని నమ్మిన సర్జన్‌కు ఈథర్‌కు మారాల్సిన పని కనబడదు. ఈథర్ నెమ్మదిగా పనిచేస్తుంది, దగ్గు తెప్పిస్తుంది, నిప్పంటుకుంటుంది, కానీ గుండెను ఇలా వణికించదు. సగం మత్తులో ప్రమాదం ఉందని ముందే తెలిసి ఉంటే, పన్ను పీకడానికి క్లోరోఫాం పట్టేవాళ్లు తగ్గేవారు. నిజాం సొమ్ముతో, బ్రంటన్ పేరుతో వెళ్లిన నివేదిక క్లోరోఫాం పక్షానికి చాలాకాలం అండగా నిలిచింది.

ఫార్మకాలజీ_పాఠం:
ఆవిరి లెక్క కూడా చేర్చాలి. "చెంచాడు" అంటే చిన్నదనిపిస్తుంది.

1 మిల్లీలీటరు ద్రవ క్లోరోఫాం గది వేడిలో దాదాపు 300 మి.లీ. ఆవిరి అవుతుంది. హానా గ్రీనర్‌కు వేసిన చెంచాడును మూడున్నర మి.లీ. అనుకోండి, అది 1 లీటరు పైచిలుకు ఆవిరి. అర నిమిషంలో మనిషి పీల్చే గాలి మూడున్నర లీటర్లు. చెంచాలో పావు వంతు మాత్రమే లోపలికి పోయినా 7 శాతం దాటుతుంది. 5 శాతం దాటితే ప్రమాదమని స్నో అప్పుడే హెచ్చరించాడు. మత్తు నిలపడానికి 2 శాతం లోపే చాలు. నిమిషానికి 7 లీటర్లు పీల్చే మనిషికి అది అర మి.లీ. ద్రవం కన్నా తక్కువ. చుక్క చుక్కగా వేయాలనే నియమం అందుకే వచ్చింది. తర్వాత 1903లో వెర్నాన్ హార్కోర్ట్ 2 శాతం దాటనివ్వని ఇన్‌హేలర్ తయారుచేశాడు.

అఫ్జల్‌గంజ్_గడప:
మరి మన ఎండల సంగతి? ఈథర్ 34.6 డిగ్రీలకే మసులుతది. మే నెలల మన దగ్గర సీసా మూత తీస్తే గదంతా ఈథరే. రోగి మూతి కాడ నిలవదు. పైన దీపం. క్లోరోఫాం 61 డిగ్రీల దాంక మసులది, అంటుకోది. హైదరాబాద్‌ల సర్జన్ దీన్ని ఇడువకపోవడానికి కారణం సిద్ధాంతం ఒక్కటే కాదు.

ఫార్మకాలజీ_పాఠం:
ఒప్పుకున్నాను. అయితే అదే ఎండ క్లోరోఫాంకూ ఎదురు తిరుగుతుంది. 15 డిగ్రీల ఎడింబరోలో మూసిన సీసాలో ద్రవం పైన గాలిలో క్లోరోఫాం ఆవిరి 16 శాతం దాకా చేరుతుంది. 35 డిగ్రీల హైదరాబాద్‌లో, ఇక్కడి ఎత్తుకు గాలి ఒత్తిడి తక్కువ గనక, అది 40 శాతం దాటుతుంది. బట్ట చల్లబడి, పక్క గాలి కలిసి కొంత పలచబడుతుంది, నిజమే. కానీ ఎడింబరో చేతివాటంతో ఇక్కడ పోస్తే మోతాదు మించడం సులువు. సీసా రంగు గాజుదై ఉండాలి. వెలుతురూ గాలీ తగిలితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. అందుకే కొంచెం ఆల్కహాల్ కలిపి నిలువ చేస్తారు. దీపం మంట దగ్గర క్లోరోఫాం వాడినా అదే విషం. అంటుకోకపోవడం పూర్తి రక్షణ కాదన్నమాట.

మూసీ_ఒడ్డు:
బోర్డు గురించి రెండు సూచనలు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి భవనం ఫోటో పెట్టకండి. అది 1889లో లేదు. అఫ్జల్‌గంజ్ పాత ఆసుపత్రి 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదలో కొట్టుకుపోయింది, ఇప్పటి భవనం ఆ తర్వాత కట్టింది.

రెండోది, రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు తప్పక ఉండాలి. లారీ కాలంలో ఈ మెడికల్ స్కూల్లోనే చదివిన పార్సీ వనిత, ఈ ఊరి ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చిన మనిషి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని చాలామంది రాస్తారు. "తొలితరం మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు" అంటే ఎవరూ కాదనలేరు. ఆమెకు ఆ మాట చాలు.

ఇంకొకటి, చేర్చాలా వద్దా అనేది మీ ఇష్టం. నాలుగు వందలకు పైగా ప్రాణులు ఈ వాదం కోసం పోయాయి. ఆ అంకెను చిన్న అక్షరాల్లో దాచకండి.

నాడి_ఊపిరి:
రూపాబాయి మాటకు నా మద్దతు. ఇంకో సంగతి, ఇది పాత గొడవగా ముగిసిపోలేదు. 1956లో వాడుకలోకి వచ్చిన హాలోథేన్ అనే మత్తుమందుకూ ఇదే గుణం ఉంది. రక్తస్రావం తగ్గడానికి సర్జన్ అడ్రినలిన్ కలిపిన మందు ఎక్కిస్తే గుండె లయ తప్పేది. అందుకే హాలోథేన్ వాడిన రోజుల్లో సర్జన్ సూది పట్టగానే మత్తు వైద్యుడు అడ్రినలిన్ ఎంత పలచన, మొత్తం ఎంత అని అడిగేవాడు. ఆ ప్రశ్న లెవీ పిల్లుల దగ్గర మొదలైంది.

కోఠి_పుస్తకాలగూడు:
అందరికీ ధన్యవాదాలు. పాత శీర్షిక తీసేశాం. కొత్తది ఇలా రాశాం, తప్పుంటే రేపు ప్రింటుకు పంపేలోపు చెప్పండి:

"ఊపిరి చూడండి: హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు, 1888, 1889. మోతాదు మించితే గుండె కన్నా ముందు ఊపిరి ఆగుతుందని 400కు పైగా జంతువుల మీద ఇక్కడ చూపారు. క్లోరోఫాం నేరుగా గుండెను దెబ్బతీయదన్న వారి నిర్ణయం నిలవలేదు. సగం మత్తులో గుండె వణికి ఆగగలదని 1911లో లెవీ చూపాడు."

కింద రూపాబాయి గురించి రెండు వాక్యాలు. పక్కన బొమ్మ: టోపీలా చుట్టిన బట్ట, కొసన దూది, రంగు సీసా.

అఫ్జల్‌గంజ్_గడప:
మంచిగుంది. బొమ్మల ఒక్కటి కలపండి, రోగి గదవ కింద ఒక చెయ్యి. సీసా పట్టుకున్న చెయ్యి ఒక్కటే గీస్తే బొమ్మ సగమే.

కోఠి_పుస్తకాలగూడు:
కలుపుతున్నాం అన్నా. గదవ కింద రెండు వేళ్లు, తల కొంచెం వెనక్కి.